మా బావ సంచిలో పసుపుకొమ్ము

ఆ రోజు ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతిపని చేస్తున్నాను. మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. ఎక్కడిదా అని చూస్తే సూది నా చూపుడువేల్లోకి సగం దిగి ఉంది. రక్తం చూసి భయపడలేదు గానీ, నొప్పి ఏదీ అని వెతుక్కుంటే అప్పుడు భయం వేసింది.

ఆ సంగతి సాయంత్రం బావకు చెబుదామనుకున్నాను. బావంటే మా ఆయన అప్పలరాజు, నా మేనమామ కొడుకు. అతని పని గురించి చెప్పకపోతే నా జబ్బు మీకు సగమే అర్థమవుతుంది. ఆస్పత్రుల్లో ఎమ్మారై మిషన్లు చూసుకుంటాడు. మా మావయ్య ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తీసేవాడు. కొడుకు అంతకన్నా చల్లటి చోట ఉద్యోగం సంపాదించాడు. ఎమ్మారై మిషన్ లోపల పెద్ద తీగచుట్ట ఉంటుంది, అదే దాని మాగ్నెట్. దాన్ని ద్రవ హీలియంలో ముంచి పెడతారు. సున్నాకు రెండువందల అరవై తొమ్మిది డిగ్రీల కింద చలి అది. ఆ చలిలో తీగ కరెంటుకు అడ్డు చెప్పడం మానేస్తుందట.

"ఒక్కపాలి కరెంటెక్కిస్తే సాలు రత్నం, ఏళ్లకేళ్లు అలా తిరగతానే ఉంటాది. సల్లగా సూసుకోవాల, అంతే," అని పెళ్లైన కొత్తలో మురిసిపోతూ చెప్పాడు. నా గురించి ఎవరి దగ్గరైనా ఇంత మురిపెంగా చెప్పాడా అని అప్పుడే నా కడుపు మండింది.

అప్పట్నుంచి ఆ మిషన్‌ను నేను 'ఆవిడ' అనే అంటున్నాను. ఆవిడ ఉన్న స్కాన్ సెంటర్లో హేమ అనే టెక్నీషియన్ పిల్ల ఉంది. ఏ కాస్త అనుమానం వచ్చినా బావకు ఫోన్ చేసి, ఆ ఫోన్‌ను మిషన్ దగ్గర పెడుతుంది. హీలియం ఆవిరైపోకుండా చల్లబరిచే పంపు ఒకటి పిట్టలాగా కిచ్చు కిచ్చుమంటూ ఉంటుంది. ఆ చప్పుడుని బట్టి ఆవిడ ఒంట్లో ఎలా ఉందో బావకు తెలిసిపోతుంది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, కళ్లు మూసుకుని వింటాడు. అదే పళ్లానికి ఇవతల కూర్చుని నేను పిలిస్తే మాత్రం "ఆఁ? ఏటీ?" అంటాడు. ఆ సాయంత్రం నా వేలి సంగతీ అలాగే చెప్పకుండా ఉండిపోయింది.

ఇది చాలదన్నట్టు, ఒకసారి అతని పనిముట్ల సంచి దులుపుతుంటే పసుపుకొమ్ము, పసుపు పూసిన నూలుతాడు దొరికాయి. ఆడదాని మెడలో కట్టేది స్పానర్ల మధ్య ఎందుకుంది? అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. హేమ ఫోన్ మోగినప్పుడల్లా ఆ తాడే కళ్లముందు ఆడేది.

మొదట చూపించుకున్న డాక్టరు నర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించి, "కార్పల్ టన్నెల్ అమ్మా, మణికట్టులో నరం నొక్కుకుంటుంది, టైలర్లకు మామూలే," అన్నారు. మణికట్టుకు పట్టీ ఇచ్చారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంది. తర్వాత ఒకరోజు బజారు నుంచి వస్తే, గుమ్మంలోనే మా అత్త ఆపేసింది.

"ఓలమ్మ! ఒక సెప్పు ఏదే?"

కుడికాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. ఒట్టికాలితో ఎండలో నడిచి వచ్చాను, తెలియలేదు.

న్యూరాలజిస్ట్ మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు గుర్రంలా తన్నింది. ఆయన మొహం మారింది. "ఇది చేతి జబ్బు కాదమ్మా. మెడలో స్పైనల్ కార్డ్ మీద, అంటే వెన్నుపాము మీద, కంప్రెషన్ ఉంది. లేట్ చేస్తే నడక పోవచ్చు. అర్జెంట్‌గా సర్వైకల్ స్పైన్ ఎమ్మారై చేయించండి," అన్నారు. మా హెల్త్ కార్డు చెల్లేది బావ చూసుకునే ఆ సెంటర్లోనే. అంటే ఆవిడ దగ్గరికే వెళ్లాలి.

తీరా స్కాన్ రోజు పొద్దున్నే హేమ ఫోన్. మిషన్‌కు చల్లనీళ్లు పంపే చిల్లర్ ఆగిపోయింది. బావ చొక్కా వేసుకుంటూనే గుమ్మం దాటుతున్నాడు.

"నా కాళ్లు పోతంటే, దానికి సలి పోతందని పరిగెడతన్నావా బావా?"

"ఒసే, హీలియం ఉడికి పోయిందంటే మాగ్నెట్ మళ్లీ లెగడానికి ఎన్నాళ్లవుద్దో! అప్పుడు నీకు స్కానెక్కడే? బేగొచ్చేత్తాను."

చెప్పింది నిజమే. నిజమని తెలిసీ ఏడ్చాను. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కు వెళ్తూ, ఇద్దరికీ ఒకేసారి జబ్బు చేస్తే ముందు ఆవిడకే చూశాడు కదా అనుకున్నాను. ఆ రోజంతా, మర్నాడూ అక్కడే ఉన్నాడు. చిల్లర్ బాగై, ఆవిడ కుదుటపడ్డాక వచ్చి నన్ను ఆటోలో తీసుకెళ్లాడు.

సెంటర్లో హేమ గాజులు, చెవిదిద్దులు తీయించింది. పుస్తెలతాడు తియ్యమంటే నా చెయ్యి మెడ మీదే ఉండిపోయింది. దానికి ఐదు పిన్నీసులు వేలాడుతున్నాయి, అందరిలాగే. పెళ్లినాటి నుంచి అది మెడ దిగింది లేదు. కాళ్లు పోయినా ఫర్వాలేదు, అది తీసి ఆ సొరంగంలోకి వెళ్లనని మొండికేశాను.

"అన్నయ్యా! మీ తాడు ఇలా తెండి," అని హేమ కేకేసింది. బావ సంచి విప్పి అదే నూలుతాడు, అదే పసుపుకొమ్ము బయటికి తీశాడు.

హేమే చెప్పింది. "ఇదివరకు ఒకావిడ తియ్యనేక జాకెట్లో దాసేసిందక్కా. లోపలికెల్లేసరికి పిన్నీసులన్నీ మేకుల్లాగ నిక్కపొడుసుకున్నాయి. ఆవిడ అరుపుకి మా గుండెలాగిపోయాయి. అప్పట్నుంచి అన్నయ్య ఇది తెచ్చి పెడతన్నాడు. ఎవరాయన ఆల్లకి ముందు ఇది కడతారు, ఆ తర్వాతే పుస్తెలతాడు తీస్తారు."

ఇన్నాళ్ల అనుమానం దిగిపోవాలి కదా? దిగలేదు. కొత్త కుళ్లు పట్టుకుంది. ఊళ్లో ఆడవాళ్లందరి మెడల గురించీ ఆలోచించినవాడు నాతో ఒక్క ముక్క చెప్పలేదే! అదే అడిగాను.

"ఏటి సెప్పేది? నీకు అక్కర పడుద్దని నానెప్పుడైనా అనుకున్నానేటి?" అన్నాడు. ముడి వేసి, లాగి చూసి, మళ్లీ ఇంకో ముడి వేశాడు. పెళ్లిపీటల మీద కూడా అంత జాగ్రత్తగా వెయ్యలేదు.

సొరంగంలో పడుకున్నాను. దబదబ మోతల మధ్య, అవి ఆగినప్పుడు, కిచ్చు కిచ్చుమని వినిపించింది. ఇదన్నమాట నా మొగుడు అన్నం మానేసి వినే పాట. కదలొద్దన్నారు కాబట్టి తిట్టలేదు.

మెడలో ట్యూమర్ బయటపడింది. సర్జన్ ఫిల్మ్ వెలుతురుకు పెట్టి, "బినైన్ లాగే ఉంది, క్యాన్సర్ కాదు. తీసేస్తే బతుక్కి ఢోకా లేదు. చేతులు, కాళ్లు ఎంత తిరిగొస్తాయో ఇప్పుడే మాటివ్వలేను," అన్నారు. ఆపరేషన్ జరిగింది. బయాప్సీలోనూ బినైన్ అనే వచ్చింది. నాతోపాటే అదే ఆపరేషన్ అయిన దువ్వాడ ఊరామె పక్క మంచం దిగి టీ తెచ్చుకుంటోంది. నాకేమో కుట్ల దగ్గర నీరు కారింది. వెన్నుపాము చుట్టూ ఉండే నీరట, సీఎస్ఎఫ్ లీక్ అన్నారు, తల ఎత్తకుండా పడుకోబెట్టారు. ఆమె చెప్పుల చప్పుడు వింటే గొంతు పిసకాలనిపించేది. పాపం, వెళ్లేటప్పుడు నాకు నారింజపళ్లు ఇచ్చి వెళ్లింది. అవి తింటూ కూడా కుళ్లుకున్నాను.

లీక్ తగ్గింది గానీ కుడికాలిలో కదలిక లేదు. ఫిజియో ఆయన వేళ్లు కదపమనేవాడు. నేను కదిపాననుకునేదాన్ని, అవి కదిలేవి కావు. ఒకరోజు మధ్యాహ్నం బావ నా కాళ్ల దగ్గర కూర్చుని బొటనవేలు పట్టుకుని ఉన్నాడు. జేబులో ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తు బావా, ఆవిడకి ఏటయ్యిందో."

"ఉండవే. కదిలినట్టుంది. ఇంకోపాలి కదుపు."

కళ్లు మూసుకున్నాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. అన్నం పళ్లెం ముందు చెయ్యి ఆపుకుని ఆవిడ చప్పుడు వినేటప్పటి మొహం. ఇన్నేళ్లకు అది నా వైపు తిరిగింది. ఉన్న బలమంతా ఆ వేలికి పంపాను. బావ ఏడ్చాడు, దాన్నిబట్టి కదిలిందని తెలిసింది.

ఇప్పుడు నడుస్తున్నాను. మెట్లకు రెయిలింగ్ కావాలి. చేతిపని మానేసి మిషన్ కుట్టు మాత్రం కుడుతున్నాను. సూది గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది, అప్పుడల్లా నాకు సంతోషం. ఏడాదికోసారి చెకప్ స్కాన్‌కు ఆవిడ దగ్గరికి వెళ్తాను. ఆవిడ మీద నా కోపం పూర్తిగా పోలేదు, పోతుందని మాటివ్వను కూడా.

చెల్లెళ్లూ, అక్కలూ, ఎమ్మారైకి వెళ్లేటప్పుడు పిన్నీసులు ఇంట్లోనే తీసిపెట్టండి. తాడు తీయక తప్పదు, జాకెట్లో మాత్రం దాచకండి. పసుపుకొమ్ము, నూలుతాడు వెంట తీసుకెళ్లండి. మర్చిపోతే హేమను అడగండి, ఇప్పుడు ఆ పిల్ల దగ్గర పెద్ద నూలు ఉండ ఉంది. మా బావ సంచిలో ఉన్నది మాత్రం అడక్కండి. అది నాది.