పడిందన్నాడు

ఆ గోల్ఫ్ మైదానానికి నీళ్ళు పెట్టే పని అతనిది. గడ్డి కింద పరుచుకున్న పైపులన్నీ అతని చేత్తో వేసినవే. అందుకే అందరికీ పైపులాయన అయ్యాడు. భార్య బడిలో డ్రాయింగ్ టీచరు. నోరు తెరిస్తే నవ్వులే. పిల్లలు లేరన్న దిగులు కూడా ఆ ఇంట్లో ఎక్కువసేపు కూర్చునేది కాదు.

క్లబ్బులో సభ్యులు పలచబడేసరికి, సోమవారాలు గోల్ఫుకు సెలవిచ్చి మైదానాన్ని డిస్కు ఆటవాళ్ళకు వదిలారు. బంతి గుంటలకు కాస్త ఎడంగా ఇనుప గొలుసులు వేలాడే బుట్టలు నిలబెట్టారు. ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసిరితే, గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. అంతే ఆట.

"ఇంత మైదానం పెట్టుకుని పళ్ళేలు గిరాటెయ్యడమా?" అని అతను నవ్వాడు.

"ఇంట్లో మీ మీద విసరడం కంటే నయమేగా," అంది ఆవిడ. మొదటి సోమవారమే ఆ ఆట పిచ్చిలో పడిపోయింది.

అప్పటికే ఆమె చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. "ఇది ఆగేది కాదమ్మా," అని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ముందు బడి మానేసింది. తర్వాత రంగులు పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది. డిస్కు మాత్రం వదల్లేదు. బుట్ట కనబడకుండా పోయాక అతనే దాని పక్కన నిలబడి గొలుసులు ఆడించేవాడు. ఆమె ఆ చప్పుడు వైపు మొహం తిప్పి, నడుం మెలితిప్పి విసిరేది.

"మన పెళ్ళికొచ్చిన మీ పెదనాన్నలా దారి తప్పిందే!" అని అతను అరిస్తే, కడుపు పట్టుకుని నవ్వేది.

ఒక సాయంత్రం మిగతావాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయాక, మైదానం మధ్యనున్న కొలనుకు ఇవతలి గట్టు మీంచి విసిరింది. డిస్కు నీళ్ళ మీదుగా ఒంపు తిరిగి వెళ్ళి తిన్నగా బుట్టలో పడింది. అతను పరిగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పడిందా? నిజంగానా?"

"పడిందే, పడింది!"

ఆ వారమంతా ఎవరు దొరికితే వాళ్ళకు ఆ సంగతే చెప్పింది.

తర్వాత ఆమె కళ్ళలో మిగిలిన ఆ కాస్త వెలుగూ పోయింది. విసుర్లు ఎటెటో పోసాగాయి. ఆమె మొహం చిన్నబోతుంటే చూడలేక, ఒకరోజు డిస్కు గడ్డిలో పడగానే అతను గొలుసులు గట్టిగా ఊపేశాడు. "పడింది!" ఆమె మొహం విప్పారింది. ఆ మొహం కోసం మళ్ళీ ఊపాడు. ఆ పై సోమవారమూ ఊపాడు. అదే అలవాటైపోయింది.

ఒకరోజు అతను "పడింది!" అన్న సంతోషంలో ఆమె చేతికర్ర ఆడిస్తూ బుట్ట వైపు గబగబా నడిచింది. దారిలో కాలికి ఏదో తగిలింది. వంగి తడిమింది. డిస్కు.

"ఇదేంటండీ?"

అతను ఊగుతున్న గొలుసులను చేత్తో ఆపాడు.

"ఎన్నిసార్లు?"

"నువ్వు బాధపడుతున్నావనీ..."

"ఎన్నిసార్లని అడుగుతున్నా."

"ఈమధ్యే. వెలుగు పోయాకే. నీ మీద ఒట్టు."

ఆమె డిస్కును రెండు చేతులా పట్టుకుంది. "అయితే కొలను మీదుగా వేసిందో?"

"అది నిజమే! నా కళ్ళారా చూశాను!"

"నాకున్నవీ ఆ కళ్ళే కదండీ," అంది మెల్లగా. "మీరు చెప్పిందల్లా నమ్మాను. ఇప్పుడు దేన్ని నమ్మమంటారు?"

అతను ఎన్ని ఒట్లు పెట్టినా ఆమె ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. పోట్లాడినా బాగుండు అనిపించింది అతనికి. మరుసటి సోమవారం అతను సంచీ తీస్తే, "మీకు పనుంటే వెళ్ళిరండి," అంది. మళ్ళీ ఆ మైదానంలో అడుగుపెట్టలేదు.

కాపురానికేమీ లోటు రాలేదు. వేళకు తినేవారు, పైపుల కబుర్లు చెప్పుకునేవారు. కానీ వాన తగ్గిందని అతనంటే, ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేది. ఉప్పు సరిపోయిందంటే, తనూ ఓ ముద్ద నోట్లో వేసుకునేది. ఎత్తిపొడుపు కాదు. చెయ్యి దానంతటదే వెళ్ళేది.

పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు ఒకసారి గుమ్మంలో కూర్చుని అడిగింది: "పిన్నీ, మీరు డిస్కు భలే ఆడేవారటగా?"

"ఆడేదాన్ననే మీ బాబాయి చెప్పేవారమ్మా," అంది ఆమె, చాలా మామూలుగా.

లోపల బూట్లు విప్పుకుంటున్న అతను ఆ మాట విన్నాడు. ఒక బూటు చేతిలో, ఇంకోటి కాలికి అలాగే ఉండగా, ఆ అమ్మాయి వెళ్ళిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు.