హనుమన్న జతకట్టి చూసిన చుక్క

దీపం మసకబారుతుంది గాని చుక్క మసకబారదని సామాన్యుల నమ్మకం. చాలాకాలం పండితుల నమ్మకమూ అదే. డోన్‌కు రెండు స్టేషన్ల ఇవతల, ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో సిగ్నల్ దీపాలు వెలిగించే హనుమన్నకు 1957లో ఈ నమ్మకం వల్ల ఉద్యోగం పోయేంత పని అయింది.

హనుమన్న చదువుకున్నవాడు కాడు. పనిలో చురుకైనవాడనీ చెప్పలేం. ఒక్క మంచి అలవాటు మాత్రం ఉండేది. ఏ దీపాన్నీ ఒంటరిగా చూసి తీర్పు చెప్పేవాడు కాడు. పొద్దు గుంకేముందు దీపాలను జతలుగా గోడమీద పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి, కన్ను చికిలించి, మసగ్గా వెలుగుతున్నదాని వత్తి మళ్లీ కత్తిరించేవాడు.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం సిగ్నల్ స్తంభం ఎక్కినప్పుడు పడమటి దిక్కున ఎర్రటి చుక్క ఒకటి కంటబడింది. అలవాటు కొద్దీ దాన్ని పక్క చుక్కతో జతకట్టి చూశాడు. కిందికి దిగి, "సామీ, ఆ ఎర్రది పక్కదానికంటే ఒక వత్తి వెలుగు ఎక్కువుండాది. రాసిపెట్టండి" అని స్టేషన్ మాస్టరు కేశవయ్యను బతిమాలాడు. కేశవయ్య నవ్వి, దీపాల రిజిస్టరు అంచున ఆ మాట గీకాడు.

కార్తీకంలో అవే చుక్కలు తూర్పున వచ్చినా, ఎర్రదాని చోటు ఖాళీగా కనబడింది.

"సామీ, మన ఎర్రదీపం ఆరిపోయిండాది. పక్కవన్నీ వెలుగుతాండాయి."

ఈసారి కేశవయ్య నవ్వలేదు. "చుక్క ఆరేదేందప్పా? ఆరింది నీ కండ్లు! రేపు సిగ్నల్ ఆరితే వెలుగుతాండాదంటావు. రైలుకు జవాబు నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?"

"ఆరిన దీపాన్ని వెలిగించేటోడు యాడున్నా వస్తాడు సామీ. రెండు నెల్లు ఆగండి."

కేశవయ్య ఆగాడు. అయితే హనుమన్నను దీపాల పని నుంచి తప్పించమని పైఅధికారులకు ఉత్తరం రాసి సొరుగులో పెట్టుకొని మరీ ఆగాడు.

ఇంట్లో భార్య సోమక్క ఊరుకోలేదు. "భూమ్మీది దీపాలు చాలక పైకి పోతివి. దానికి కిరసనాయిలు పోసేదీ నువ్వేనా?"

పుష్యమాసంలో ఆ చుక్క నడినెత్తిన మళ్లీ వెలిగింది. దాదాపు పదకొండు నెలలకొకసారి వెలిగి ఆరే తార అది; వెలిగిన ప్రతిసారీ ఒకే వెలుగు ఉండదు. శాస్త్రజ్ఞులకు మూడు వందల ఏళ్లుగా తెలిసినదే. దూరపు గెలాక్సీల కేంద్రాలు సైతం ఉండుండి భగ్గుమంటాయని తరువాతి కాలంలో తేలింది. స్టేషన్‌లో ఎవరికీ ఇవేవీ తెలియవు.

కేశవయ్య ఉత్తరం చేతబట్టుకొని ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. "వచ్చింది గదప్పా నీ చుక్క! పోయినేడు ఎట్లుండెనో అట్లే ఉండాది. అవునా?"

అవునంటే ఉత్తరం చిరిగిపోతుంది. అన్నం క్యారియర్ తెచ్చిన సోమక్క, 'అవునను' అన్నట్టు వెనకనుంచి తల ఊపింది. హనుమన్న చుక్కకేసి చూస్తూ పది అడుగులు వెనక్కి నడిచాడు. నక్షత్రం విషయంలో ఆ పది అడుగులవల్ల ఒరిగేదేమీ లేదు, అయినా నడిచాడు.

"లేదు సామీ. ఈసారి పక్కదానికంటే తక్కువే ఉండాది."

సోమక్క నెత్తి కొట్టుకుంది.

"మళ్లీ నీ కండ్లేనా?" అన్నాడు కేశవయ్య.

"నా కండ్లను నమ్మొద్దు సామీ. మీ రాత చూడండి."

రిజిస్టరు వచ్చింది. 'పక్కదానికంటే ఒక వత్తి ఎక్కువ' అని తన చేతిరాతే ఉంది. కేశవయ్య కళ్లద్దాలు తుడుచుకొని తలెత్తాడు. ఇప్పుడు పక్కదే ఎక్కువగా ఉన్నట్టు ఆయనకూ కనబడింది. ఉత్తరం చించేశాడు.

స్తంభాలెక్కే బాధ లేకుండా పగటిపూట గేటు పని ఇప్పిస్తానని ఆ తర్వాత ఆయనే అన్నాడు. హనుమన్న వద్దన్నాడు. దీపాల పనిలోనే ఉండి, చుక్క కనబడిన ప్రతిసారీ పక్కదానితో జతకట్టి చూసి, ఎంత కనబడితే అంతే రాయించాడు.