చెరో పక్కా కిలో రాయి

కూరగాయల మార్కెట్లో మా చెల్లెల్ని ముల్లక్క అంటారు. త్రాసు ముల్లు కదలకుండా నిలిచేదాకా పళ్ళెంలోంచి ఒక్క టమాటా కూడా తియ్యనివ్వదు. పళ్ళెం మీద ఈగ వాలినా తోలి మళ్ళీ తూస్తుందని పక్క కొట్టు ఉల్లిపాయలాయన వేళాకోళం. ఆ త్రాసుతోనే కూతుర్ని చదివించింది, మంచాన పడ్డ మొగుణ్ణి చివరిదాకా చూసుకుంది, నాలాంటి దేశదిమ్మరి అన్న వచ్చినప్పుడల్లా అన్నం పెట్టింది.

రేవుల్లో, రైళ్ళలో చేతికందిన కాగితమల్లా చదివే రకం నేను. "మా అన్నయ్య పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, ఆ తరవాతే లోపలిది తింటాడు" అని నవ్వేది. త్రాసుల గురించే నా దగ్గర పుస్తకమంత సరుకుంది. ఒక రేవులో మిరియాలాయన ఊపిరి బిగబట్టి తూచేవాడు. సరే, అది ఇప్పుడెందుకు.

కిందటేడు చెల్లెలి రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. మూడు వారాలకోసారి కీమో. మొదటిదానికే రెండు రోజులు వాంతులు. చూడ్డానికి వచ్చినవాణ్ణి చూసి ఊరుకోవచ్చుగా? రైల్లో చదివిన వ్యాసం విప్పాను. రోజూ పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచితే కీమో బాధలు తగ్గుతాయేమోనని కొందరు డాక్టర్లు పరీక్షిస్తున్నారని అందులో ఉంది. నేను ఆ "ఏమో"ని మింగేసి, తగ్గుతాయట అన్నాను. చెప్పడం నాకు బాగా వచ్చు. ఆ రోజు మరీ బాగా వచ్చింది.

ఆమె గడియారం పెట్టుకుని మొదలుపెట్టింది. సాయంత్రం ఆరు దాటితే మర్నాడు పదిదాకా మంచినీళ్ళే. తినే వేళకేమో ఆకలి ఉండేది కాదు. బరువు తగ్గకూడదని డాక్టరు ముందే హెచ్చరించాడు. రెండో కీమో ముందురోజు మార్కెట్లో బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకుంది. సరిగ్గా రెండు కిలోలు తక్కువ. తెలిస్తే కీమో వాయిదా వేస్తారని భయం. నాక్కూడా చెప్పలేదు. శాలువా కింద, నడుముకి చెరో పక్కా ఒక కిలో తూకపు రాయి కట్టుకుని నాతో ఆస్పత్రికి వచ్చింది.

బరువు చూసే పెద్ద నర్సు అంకె చూసి, చీటీ చూసి, ఆమె మొహం చూసింది.

"పోయినసారి ఎంతో ఈసారీ అంతే. పాయింటు కూడా తేడా లేదు. మనిషి బరువు ఇలా ఉండదమ్మా."

పాపం, దొంగ తూకం కూడా సరిగ్గానే తూచుకుంది.

రాళ్ళు రెండూ బల్ల మీదికి వచ్చాయి. నర్సు కసరలేదు. కసిరినా బాగుండేది.

"ఈ అంకె చూసే మీకు మందు లెక్క కడతారు. మీరే తూకం తప్పిస్తే మేమేం చెయ్యాలి?"

ముప్పై ఏళ్ళ బేరంలో ఆ మాట మా చెల్లెల్ని ఎవరూ అనలేదు. తల ఎత్తలేకపోయింది. తిండి మానమని ఎవరు చెప్పారని అడిగితే, "ఎక్కడో చదివాను" అంది. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. గుమ్మం దగ్గర నేను, చేతులెలా కడుక్కోవాలో రాసిన అట్టని మూడుసార్లు చదివాను.

డాక్టరు కీమో వారం వాయిదా వేశాడు. అన్నిపూటలా తినమని చెప్పి పంపాడు. బయట బెంచీ మీద నాకు నోరు పెగిలింది.

"దాంట్లో చివరి పేరా ఒకటుంది. బరువు తగ్గుతున్నవాళ్ళు చెయ్యకూడదని, డాక్టర్ని అడక్కుండా ఎవరూ చెయ్యకూడదని. నేను చదివాను. చెబితే పస తగ్గుతుందని వదిలేశాను."

ఒళ్ళో ఉన్న రాళ్ళు రెండూ తీసి పక్కన పెట్టింది.

"కాగితం సంచిలో ఉందా?"

ఉంది.

"లోపలికి పద. ఆవిడ ముందు చదువు. ఆ చివరిదే."

నాలుగు వరుసలు. రెండుచోట్ల ఆగిపోయాను. నర్సు మొత్తం విని, ఈమెకి మీరేమవుతారని అడిగింది. నాకన్నా ముందే చెల్లెలు చెప్పేసింది.

"మా అన్నయ్యండీ. బాగా చదువుకున్నాడు."