ఆఫీసరమ్మ కుండీలో తోకపువ్వు

నా చిన్నప్పుడు బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ కూలీల లైను ఇళ్లలో ఉండేవాళ్లం. ఎదురుగా పెద్ద క్వార్టరు. అందులో ఉండే ఆఫీసరమ్మ వరండాలో, తడి గోనెపట్టా నీడన, ఒక ఆంథూరియం కుండీ ఉండేది. ఆ పేరు పలుకుతూ ఆమె మూతి తిప్పుకునే తీరు చూడాలి, పేరు కూడా తానే పెట్టినట్టు. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్ల కన్నా ముందు ఆ పువ్వును చూపించేది. నూనె పూసినట్టు మెరిసే ఆ ఎరుపు ముందు మేం నోరు తెరుచుకుని నిలబడేవాళ్లం. ఉత్త వెర్రిమొహాలం.

ఒక ఏడు బతుకమ్మకు మా అమ్మ తెల్లవారకముందే పొలంగట్ల మీద తెల్లటి కుచ్చుల్లా పూసే గునుగుపూలు కోసుకొచ్చి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టింది. మోచేతుల దాకా గులాబీరంగు అంటుకుంది. ఒక కట్ట పట్టుకుని నేను మురిసిపోతూ గేటు ముందు నుంచి వెళ్తుంటే ఆఫీసరమ్మ పకపకా నవ్వింది.

"ఈ గడ్డితోకల్ని కూడా పూలంటారా మీరు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె లోపలికి వెళ్లగానే కట్టను రోడ్డు పక్క చెరకుపిప్పి కుప్ప మీద విసిరేశాను.

అది చూసిన తోటమాలి తాత నన్ను వరండాలోకి పిలిచాడు. కుండీలో వాడిన పువ్వొకటి తెంపి, ఎర్రటి రేకును చించి, నడుమ తోకలా ఉన్న కాడతో సహా నా చేతిలో పెట్టాడు.

"గిది పువ్వు గాదు బిడ్డా, ఆకు. అసలు పూలు గీ తోక మీదున్నయ్, సూడు. దాని పేరుకు మతలబే తోకపువ్వు. వెనుకటి ఇంజనీరు సారు చెప్పిండు. గీమెకు గా సంగతే తెల్వది."

కళ్లు చికిలించి చూశాను. తోక నిండా చుక్కల్లాంటి పూలు. వీటికన్నా మా గునుగే నయం. కట్ట తెచ్చుకుందామని పరుగెత్తాను.

అప్పటికే అమ్మ కుప్ప దగ్గర కూర్చుని, ఒక్కో పువ్వుకు అంటిన పిప్పిని ఏరుతోంది.

"జారి పడ్డయా బిడ్డా?" అనడిగింది.

అవునన్నాను.

మొన్న నిజామాబాద్‌లో మనవరాలి పెళ్లి స్టేజీ నిండా ఆంథూరియంలే, సగం ప్లాస్టిక్‌వి. చుట్టాలంతా ఆకుల ముందు పళ్లికిలించి ఫోటోలు దిగుతుంటే నాకు ఆఫీసరమ్మే గుర్తొచ్చింది. ఆమె అంటే నాకిప్పటికీ చులకనే. కానీ అమ్మతో అవునన్న ఆ పిల్లంటే అంతకు పదింతల రోత. అమ్మ పోయేదాకా ఆ మాట దిద్దుకోలేకపోయాను.