కాస్ట్ ఐరన్‌కి ఏకాదశి

పొద్దున్నే మా షెడ్డులో అడుగు పెట్టగానే కిరోసిన్ వాసన గుప్పుమంది. ఎవరో లోహాన్ని తిప్పి కోసే లేత్ మెషీన్ మీద అల్యూమినియం ఎక్కించారన్నమాట. మా ఫరీదాబాద్‌లో ఈ వాసనకి అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఆకలేస్తుంది. తప్పంతా సూర్యనారాయణగారిది.

కాకినాడ నుంచి వచ్చి నేను చేరిన మొదటి ఫ్యాక్టరీలో ఆయన టూల్‌రూమ్ ఇన్‌ఛార్జి. విజయనగరం మనిషి, భోజనప్రియుడు. నోరు పెద్దది, ఆయన మాట గేటు దాకా వినబడేది. లేత్ మీద ఏ లోహం బిగించినా ముందు ఒకటే ప్రశ్న. "ఏటమ్మా, దీనికేటి వడ్డిస్తావు?" స్టీలు వేడెక్కకుండా నీళ్లలో నూనె కలిపిన తెల్లటి కూలెంట్ ధారగా పోయాలి. అల్యూమినియం కోసే టూలుకి అతుక్కుపోతుంది కాబట్టి కిరోసిన్ చుక్కలు చాలు. పోత ఇనుము, అదే కాస్ట్ ఐరన్‌కి మాత్రం ఏమీ పోయకూడదు. "దానికి ఏకాదశి," అనేవారు. తనకి ఏ ఏకాదశీ ఉండేది కాదు. ఆ కిరోసిన్ వాసనలోనే డబ్బా తెరిచి నాకూ పులిహోర పెట్టేవారు.

అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే. శిక్షణ అయ్యాక నన్ను మెషీన్ మీద ఉంచాలో, ఆఫీసులో కూర్చోబెట్టాలో నా పని చూసి చెప్తానన్నారు ప్లాంట్ హెడ్. నాకు ఆఫీసు అక్కర్లేదు, మెషీనే కావాలి. ఆయన చూడ్డానికొచ్చిన రోజు నాకిచ్చింది కాస్ట్ ఐరన్ పుల్లీ. పొడిగానే తిప్పుతున్నాను. మాస్కు కట్టుకున్నా నుదురంతా నల్లటి ఇనుప పొడి.

"అరే, కూలెంట్ చాలూ కరో!" అని, కూలెంట్ వదలమని కేకేశారు ప్లాంట్ హెడ్.

చెయ్యి వాల్వు దాకా వెళ్లింది. తిప్పితే ఆయన సంతోషిస్తారు. కానీ ఆ పొడి తడిస్తే బురదై, మెషీన్ సందుల్లో దూరి దాన్నే అరగదీస్తుంది. సూర్యనారాయణగారి వైపు చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని పైకప్పు చూస్తున్నారు! ఒళ్లు మండిపోయింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "వద్దు సర్, దీన్ని పొడిగానే కోయాలి," అన్నాను హిందీలో.

ప్లాంట్ హెడ్ సూర్యనారాయణగారిని అడిగారు, నిజమేనా అని.

"మెషీన్ దగ్గరున్నది ఆవిడ సర్. ఆవిణ్ణే అడగండి."

నేనే చెప్పాను, బురద సంగతి. "అచ్ఛా," అని ప్లాంట్ హెడ్ నా పని పూర్తయ్యేదాకా నిలబడి చూశారు. నేను మెషీన్ మీదే ఉండిపోయాను.

"ఒక్క మాట సాయం చెయ్యొచ్చుగా సర్?" అన్నాను తర్వాత.

"నాను చెప్తే నా మాట మీద ఉండీదానివి, నీ పని మీద కాదు. ఆ డబ్బా ఇలా తే, ఆకలేస్తంది."

ఆయనిప్పుడు లేరు. ఇవాళ పక్క లేత్ మీద నా దగ్గర పని నేర్చుకుంటున్న రేఖ కాస్ట్ ఐరన్ తిప్పుతుంటే, సరుకు కోసం వచ్చిన కస్టమర్ కూలెంట్ పోయమని కేకేశాడు. రేఖ నా వైపు చూసింది. జవాబు నా నాలుక చివరే ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని పైకప్పు రేకుల్ని చూస్తూ నిలబడ్డాను. అంత నోరున్న మనిషి ఆ రోజు నోరు మెదపకుండా ఎంత అవస్థపడ్డారో అప్పుడు తెలిసింది నాకు.

"నహీ భయ్యా," అంటోంది రేఖ.