కమాను తీగ మీద ఉన్నంతసేపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వయొలిన్ కమానుకు రెండు పనులుండేవి. ఒకటి వాయించడం, రెండోది నన్ను బాదడం. దేశం కాని దేశంలో, జురాంగ్ వెస్ట్ అనే పేటలో చిన్న ఫ్లాట్ మాది. మా నాన్న వారమంతా ఫ్యాక్టరీలో పనిచేసి, ఆదివారాలు కచేరీల్లో గాయకులకు పక్కవాద్యం వాయించేవారు. వేదిక మీద ఆయనంత ఒద్దికైన మనిషి లేడని అందరూ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నా వేళ్ల కణుపులు వాచి ఉండేవి మరి.

ఒక శనివారం మధ్యాహ్నం, బడి కచేరీ కోసం ఇచ్చిన పాటను నాన్న ముందు పెట్టాను. బరోక్ కాలపు సొనాటా, అంటే యూరప్‌లో ఎప్పుడో మూడు వందల ఏళ్ల నాటిది. పైన వయొలిన్ వరస, దాని కింద ఆగకుండా నడిచే తోడు వరస. ఆ కింది దాన్ని కంటిన్యువో అంటారు. నాన్నకు అర్థం కావాలని రెండింటినీ సరిగమల్లో రాశాను. కట్టినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదట.

నాన్న చివరిదాకా చూసి "ముద్ర ఏదే?" అన్నారు. మన కీర్తనల్లో చివర కర్త తన ముద్ర వేస్తాడు కదా, ఆయన దాన్ని వెతికారు. లేదన్నాను. "ఊరూ పేరూ లేనిదాన్ని నా ఇంట్లో వాయిస్తావా?" అంటూ కమానుతో భుజం మీద కొట్టారు, తర్వాత వీపు మీద. అడ్డొచ్చిన కుర్చీని గోడకేసి విసిరారు. నా వయొలిన్ మెడ పట్టుకుని పైకెత్తారు. అది విరిగితే నాకిక సంగీతం లేనట్టే, ఇంకొకటి కొనిపెట్టే మనిషి కాదాయన. నేను పెట్టిన కేకకు పక్కింటి ఆంటీ తలుపు తోసుకుని వచ్చింది.

ఆంటీది హైదరాబాదు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఆమె నాన్నను తిట్టలేదు, నన్ను ఓదార్చనూ లేదు. ఆయన చేతిలోంచి వయొలిన్ తీసి నాకిచ్చింది.

"ఈ పాటకు తోడు కావాలంట గదా అన్నా, పాప నిన్న చెప్పింది. మీకంటె మంచి పక్కవాద్యం యాడ దొరుకుతది? కూర్చోండ్రి."

పక్కవాద్యం అంటే ఆయనకు ప్రాణం. కాదనలేక, రుసరుసలాడుతూ తన వయొలిన్ తీసి మంద్రంలో కింది వరస మొదలుపెట్టారు. ఆంటీ అక్కడే కూర్చుండిపోయింది.

మొదటి భాగం నెమ్మదిగా గడిచింది. రెండోది పాట కాదు, పోట్లాట. నాన్న కోపమంతా తీగల మీద చూపిస్తూ నన్ను తరిమారు. నేనూ ఊరుకోలేదు. ఆయన గుద్దినట్టు వాయిస్తే నేను రక్కినట్టు వాయించాను. అంతలో నా పై తీగ ఫట్టున తెగి మణికట్టు చీరింది. రక్తం చూసి ఆగిపోయాను. నాన్న కమాను గాల్లోకి లేచింది.

"మెయిన్ ఆర్టిస్టు ఆగితే మీరు గూడ ఆగుతరా అన్నా?" అంది ఆంటీ.

కమాను కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దిగి తీగను తాకింది. గాయకుడికి గొంతు పట్టేస్తే సభను నిలబెట్టాల్సింది పక్కవాద్యమే. అది ఆయన ఎన్నడూ తప్పని ధర్మం. మిగిలిన మూడు తీగలతో నేను సర్దుకుని కలిసేదాకా, ఆయనొక్కరే ఆ కింది వరసను లాక్కొచ్చారు, నా వంకే చూస్తూ.

ఆ రోజుతో ఆయన మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. తర్వాతా కొట్టారు. కానీ నాకు తోడు వాయిస్తూ ఎన్నడూ కొట్టలేదు. అది కనిపెట్టి, రోజూ నేనే ఆయన్ని తోడు కూర్చోమనేదాన్ని.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు నేర్చుకుంటున్నారు. పదేపదే అదే తప్పు వాయిస్తే నాకూ చెయ్యి దురద పెడుతుంది, ఆయన కూతుర్నే కదా. అప్పుడు నా వయొలిన్ ఒళ్లోకి తీసుకుని వాళ్ల కింది వరస అందుకుంటాను. కమాను తీగ మీద ఉన్నంతసేపు పిల్లల మీద పడదు.