ఎడమ చక్రం హోరు

ఎండిన పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ము దగ్గర నేను ఆరు సీజన్లు పనిచేశాను. డ్రమ్ము తిరిగేటప్పుడు కొమ్ములు ఒరుసుకునే గలగల పైన వినిపిస్తుంది. దాని అడుగున బేరింగు హోరు ఉంటుంది. ఆ హోరు బరువెక్కిందంటే బేరింగు పోబోతోందని అర్థం. మెకానిక్ కంటే ముందు ఆ సంగతి మా ఆడవాళ్లకే తెలిసేది.

నా భర్త దుబాయిలో తొమ్మిదేళ్లు డ్రైవరుగా చేశాడు. పని పోయి ఇంటికొచ్చాక నాలుగు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఒకనాడు లేచి, పాత కారు కొని కిరాయిలకు తిప్పుకుంటానన్నాడు. చూసిన ప్రతి బండిలో ఏదో ఒక చప్పుడు పట్టుకునేవాడు. ఒకదానికి స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రాల దగ్గర టకటక. ఇంకొకదానికి మేం వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగున్నప్పుడు చేసే సప్పుడు మనకు ఇనవడొద్దని ముందుగాల్నే స్టార్ట్ జేసి పెట్టిండు" అని వెనక్కి మళ్లాడు. ఐదో బండి కూడా వద్దన్న రోజు నాకు విసుగొచ్చింది.

"నీకు అసలు ఏ బండన్న నచ్చుతదా? ఇంట్ల ఉండుడే మంచిగున్నట్టుంది" అన్నాను. అతను తల దించుకున్నాడు.

ఆరోది ఆలూర్‌లో చూశాం. ఇంజను చల్లగా ఉంది, ఒక్కసారికే అందుకుంది. గతుకుల్లోనూ దడదడ లేదు. అమ్మేవాడు పక్క సీట్లో కూర్చుని పాటలు పెడితే, బండి నడుపుతున్న నా భర్త చెయ్యి చాచి ఆపేశాడు. ఊరు దాటి వేగం పెరిగాక, వెనక కూర్చున్న నాకు ముందరి ఎడమ చక్రం దగ్గర సన్నని హోరు వినిపించింది. బండి కుడికి మళ్లితే పెరుగుతోంది, ఎడమకు మళ్లితే తగ్గుతోంది.

అద్దంలో అతని ముఖం చూశాను. ఎన్నో నెలల తర్వాత ఆ ముఖం తేటగా ఉంది.

"ఎట్లుందే?" అన్నాడు.

"మంచిగుంది" అన్నాను.

కొన్నాం. నెల తిరగకముందే, పోచంపాడ్‌లో మనుషులను దింపి ఒక్కడే తిరిగొస్తుంటే ఆ చక్రం బిగుసుకుపోయింది. కారు రోడ్డు దిగి, మక్కచేను పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక రైతును గుద్దింది. ఆయన ఊరు దొంకేశ్వర్. నా భర్తకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

నిజామాబాద్‌లో ఆయనను చేర్చిన దవాఖాన వరండాలో నేలమీద కూర్చున్నప్పుడు చెప్పేశాను. "గా చక్రం సప్పుడు నేను మొదటి దినమే ఇన్న. నీకు చెప్పలే."

అతను నేలవైపు చూస్తూ అన్నాడు. "నాకు గూడ ఇనవడ్డది. రెండు కిరాయిలైనంక బేరింగు మార్పిద్దామనుకున్న. గిది గూడ వద్దంటే నువ్వేమంటవోనని..."

ఇద్దరం ఒకరినొకరం తిట్టుకోలేదు. తిట్టుకుంటే బాగుండేదనిపించింది.

ఆ రైతు తొమ్మిదో రోజు చనిపోయాడు. కర్మలయ్యాక నేనొక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నాకంటే చిన్నది. నేనెవరో చెబితే వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టింది.

"అక్కా, గా బండి ముందుగాల ఏం సప్పుడు జెయ్యలేదా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"లేదు చెల్లె. మంచిగనే ఉండె."

ఆమె తల ఊపింది. లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది. తాగాను.

ఇప్పుడు నా భర్త మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోస్తున్నాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఆ రోజు ఎక్కడికి వెళ్లానో నేను అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు.